కుళాయి పెట్టించాం, నీళ్లు చూశామా?
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దప్పిక గొన్నవారికి నీళ్లివ్వడం మన దగ్గర గొప్ప సదఖా. అందుకే బడుల్లో, మదరసాల్లో బోర్లు వేయిస్తున్నాం, కుళాయిలు పెట్టిస్తున్నాం. ఆ నీళ్లు ఏ దారిన వస్తున్నాయో కూడా చూడాలని టీచరుగా నా మనవి.

నీళ్లలో సీసం కలిస్తే రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు. చాలాసార్లు అది బోరులోంచి కాదు, దారిలో కలుస్తుంది. ఇత్తడి కుళాయిల్లో, పాత అతుకుల్లో, సీసం కలిపి చేసిన పీవీసీ పైపుల్లో అది ఉంటుంది. నీళ్లు ఎంతసేపు కదలకుండా నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. శనివారం సాయంత్రం ఆగిన నీళ్లనే సోమవారం మొదటి గంటకు పిల్లవాడు దోసిలి పట్టి తాగుతాడు.

పెద్దల కంటే పిల్లల ఒంటికి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలకు మరీ ఎక్కువ. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. తెలివిని, ఏకాగ్రతను తగ్గిస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదు.

అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చారు. పైపులు తినేయకుండా కలపవలసిన మందు కలపలేదు. పాత పైపుల సీసం ఇళ్లలోకి వచ్చింది. డబ్బున్న దేశంలోనే అలా జరిగింది.

కాచితే సీసం పోదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు. ఆర్ఓ యంత్రం చాలావరకు తీస్తుంది. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పొద్దున్నే కాసేపు కుళాయి వదిలి, ఆ నీళ్లు బకెట్లలో పట్టి వరండా కడగడానికి వాడాలి. నీళ్లు వృథా కావు. తర్వాత వచ్చేవే తాగాలి. వంటకూ చన్నీళ్లే పట్టాలి, గీజరు నీళ్లు వద్దు. దేగ్‌లకు కళాయి పూయించేటప్పుడు కూడా సీసం కలపని తగరమే వాడమని అడగండి.

దాతలకు మూడు విన్నపాలు. ఒకటి, మనం పెట్టించిన ప్రతి కుళాయి నీళ్లూ పరీక్ష చేయిద్దాం. పొద్దున వచ్చే మొదటి నీళ్లే పట్టి, సీసం చూడమని ప్రత్యేకంగా రాసిద్దాం. మామూలు పరీక్షల్లో అది ఉండకపోవచ్చు. రెండు, పీవీసీ పైపుల్లో సీసంపై 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొత్తవి కొనేటప్పుడు సీసం లేనివేనని బిల్లు మీద రాయించుకుందాం. మూడు, ఈ ఏడాది కొత్త కుళాయి ఒకటి తగ్గినా సరే, ఆ డబ్బుతో పాతవి బాగుచేయిద్దాం.

రాతి పలక మీద దాత పేరు ఉంటుంది. ఆ నీళ్లు తాగిన బిడ్డ చక్కగా చదువుకుంటేనే అది సదఖా జారియా అవుతుంది. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక.