చూపు ఏ వరుస మీద ఉంది?

ఆదోని, ఎమ్మిగనూరు, చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. పట్టా పుచ్చుకున్న పిల్లలూ, అభినందనలు.

నా ఉద్యోగమేమిటో చెబితే మా పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. "ఎవరు యాడ చూస్తాండారో లెక్కబెట్టేదానికి జీతమిస్తారా?" అంటుంది. ఇస్తారు. కంప్యూటర్ తెర కింద చిన్న పట్టీ లాంటి పరికరం బిగిస్తాం. అది కళ్ల మీద పరారుణ కాంతి వేసి, కంటిపాప కదలికను బట్టి చూపు తెర మీద ఎక్కడుందో సెకనుకు 60 సార్లో, ఇంకా ఎక్కువో రాసుకుంటుంది. చివరికి చేతికొచ్చేది అంకెల కుప్ప. దాన్ని తూర్పారబట్టడానికి డబ్బిచ్చి కొనే టోబీ సాఫ్ట్‌వేర్ ఉంది, బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉచిత ఒగామా ఉంది. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ల వెబ్‌గేజర్‌కైతే పట్టీ కూడా అక్కర్లేదు, మామూలు వెబ్‌క్యామ్ చాలు. గురి మాత్రం అంత బాగుండదు.

చదివేటప్పుడు కన్ను జారుతూ పోదు. గెంతుతుంది, సుమారు పావు సెకను ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. ఏది గెంతు, ఏది ఆగడం అన్నది తేల్చేది సాఫ్ట్‌వేరే. టోబీలో వేగం సెకనుకు 30 డిగ్రీలు దాటితే గెంతు అని ముందే పెట్టి ఉంటుంది. ఆ అంకె మార్చి చూడండి. అదే మనిషి, అదే పేజీ, లెక్క మాత్రం వేరే. చాలామంది ఆ సెట్టింగుల పెట్టె తెరవరు. నేనూ తెరిచేవాణ్ని కాదు.

కొత్తలో ఒక అమ్మకాల పేజీ నా చేతికొచ్చింది. చూపులు ఎక్కువగా పడ్డ చోట ఎర్రగా కనిపించే బొమ్మ తీశాను. 'కొనండి' అన్న బటన్ మీద ఎర్ర మచ్చ. అందరూ దాన్నే చూస్తున్నారని సమావేశంలో గట్టిగా చెప్పాను. తర్వాత రికార్డింగు నడిపి చూస్తే, జనం పేజీని కిందికి జరిపి ధరల పట్టిక చదువుతున్నారు! నేను తెర మీది కొలతలను తెచ్చి పేజీ పైభాగానికి అంటించాను. తప్పు పరికరానిది కాదు, నాదే.

చూపు దొరికినా మనసు దొరకదు. రష్యాలో యార్బస్ అనే శాస్త్రవేత్త రేపిన్ వేసిన ఒకే బొమ్మను చూపిస్తూ వేరువేరు ప్రశ్నలడిగాడు. ప్రశ్న మారగానే కంటి దారీ మారింది. ఆదోని మార్కెట్ యార్డులో వ్యాపారి లాట్‌లోంచి గుప్పెడు పత్తి తీసి, పింజను వేళ్ల మధ్య లాగి చూడటం మీలో చాలామంది చూసే ఉంటారు. పింజ పొడవు చెప్పేది వేళ్లు. కళ్లు అప్పుడు ఎక్కువగా రైతు ముఖం మీదే ఉంటాయని నా అనుమానం. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం దగ్గర కూర్చోండి. పడుగులో పోగు తెగితే నేతగాడు ఠక్కున నాడె ఆపుతాడు. పోగు పోగునూ వెతుక్కుంటూ పోయాడా? లేదు. ఆ తెలివి నా ఎర్ర మచ్చల్లోకి రాదు.

ఇక తెలుగు పేజీల సంగతి. మంచి పరికరానికి కూడా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తేడా వస్తుంది. రెండడుగుల దూరంలోని తెర మీద ఒక డిగ్రీ అంటే దాదాపు సెంటీమీటరు. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. వరుసలు దగ్గరగా ఉంటే, చూపు పై వరుస ఒత్తు మీద ఆగిందా, కింది వరుస గుడి మీద ఆగిందా? ఒక రైతు ఫోన్లో పత్తి ధర చదివాడా, పక్క వరుసలోని వేరుశనగ ధర చదివాడా అన్నదే తేలకపోతే ఆ పేజీని బాగుచేసేదెట్లా? ఇంగ్లీషు వరుసలకు చూపులను సర్దే పద్ధతులున్నాయి. వాటినే తెలుగు మీద వాడి చాలాసార్లు విసిగిపోయాను.

నా దగ్గర తెలుగు పేజీల రికార్డింగులున్నాయి, చదివినవాళ్ల పేర్లు తీసేసినవి. చూపులను తెలుగు వరుసలకు సర్దే పద్ధతి వెతకడానికి కంప్యూటర్ చదివినవాళ్లు ఒకరు, తెలుగు లిపి మీద పట్టున్నవాళ్లు ఒకరు, జతగా రండి. భోజనాలయ్యాక వెనక గదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటాను.