చూపుకీ ఒక చట్టం: లండన్ సెయింట్ పాల్స్ కథ

పాత కట్టడాల రక్షణ అనగానే మనం గోడలు, గుమ్మటాలు, మరమ్మతుల గురించే మాట్లాడతాం. ఈ ఎపిసోడ్‌లో ఇంకో సంగతి చూద్దాం. కట్టడం అలాగే ఉంటుంది, ఒక్క రాయి కూడా ఎవరూ కదపరు. కానీ రోడ్డు మీద నుంచి కనిపించడం మానేస్తుంది. మధ్యలో ఇంకేదో లేస్తుంది. అప్పుడు నష్టపోయేది ఎవరు? దారిన పోయే మనిషి. ఆయన తరఫున అడిగేవాళ్లు సాధారణంగా ఎవరూ ఉండరు.

లండన్‌లో అడిగారు. అక్కడ సెయింట్ పాల్స్ కెథడ్రల్ ఉంది కదా, 1666 అగ్నిప్రమాదం తర్వాత క్రిస్టఫర్ రెన్ కట్టిన చర్చి. ఎత్తు 365 అడుగులు. 1933లో దానికీ థేమ్స్ నదికీ మధ్య ఫారడే బిల్డింగ్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ వచ్చింది. నది వైపు నుంచి చూసేవాళ్లకి చర్చి దాని చాటుకి వెళ్లిపోయింది. అప్పుడు చర్చి కట్టడం బాగోగులు చూసే ఆర్కిటెక్ట్ గాడ్‌ఫ్రీ అలెన్. ఆయన ఏం చేశాడంటే, జనం ఏ వంతెన మీద, ఏ ఒడ్డున నిలబడి చూస్తారో ఆ చోట్లు తీసుకున్నాడు. అక్కడి నుంచి గుమ్మటం దాకా గీతలు లాగాడు. ఆ గీతల కింద ఏ స్థలంలో ఎంత ఎత్తు వరకు కట్టుకోవచ్చో లెక్క వేశాడు. 1930ల చివర్లో మొదలైన ఆ నియమం పేరు సెయింట్ పాల్స్ హైట్స్. ఇప్పటికీ నడుస్తోంది.

నాకు ఇందులో నచ్చింది ఒకటే. "అందంగా ఉండాలి" అని ఎక్కడా రాసుకోలేదు. ఎక్కడ నిలబడాలో రాసుకున్నారు. అందం గురించి లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు, గీతని మాత్రం టేపు పెట్టి కొలవొచ్చు.

తర్వాత లండన్ మొత్తానికీ ఇలాంటి 27 దృశ్యాలను గుర్తించారు. అన్నీ అందరూ వెళ్లగలిగే చోట్ల నుంచే. వాటిలో ఒకటి రిచ్‌మండ్ పార్కులో కింగ్ హెన్రీస్ మౌండ్ అనే చిన్న దిబ్బ. అక్కడ పొదల మధ్య సందులోంచి చూస్తే 10 మైళ్ల అవతల గుమ్మటం కనిపిస్తుంది! ఇక లెడెన్‌హాల్ బిల్డింగ్ అయితే 225 మీటర్ల టవర్, ఫ్లీట్ స్ట్రీట్ నుంచి చూసేవాళ్లకి గుమ్మటం పక్కన అడ్డు రాకూడదని ఒక పక్కకి వాలినట్టు కట్టారు.

అంతా సవ్యంగా జరిగిందా అంటే, లేదు. 2016లో ఆ దిబ్బ మీద నుంచి చూస్తే గుమ్మటం వెనక ఒక కొత్త టవర్ లేస్తూ కనిపించింది. అది స్ట్రాట్‌ఫర్డ్‌లో, చర్చికి ఎన్నో మైళ్ల అవతల. అనుమతులన్నీ ఉన్నాయి. ముందున్న గీతని కాపాడారు గానీ, వెనక అంత దూరం ఎవరూ ఆలోచించలేదు. గుమ్మటం ఆకాశం మీద కనిపిస్తేనే గుమ్మటం అండి, దాని వెనక గాజు గోడ వస్తే ఆకారమే కలిసిపోతుంది. టవర్ ఇప్పటికీ అక్కడే ఉంది.

దీనికి ఖర్చూ ఉంది. ఇళ్లు దొరకని ఊళ్లో అంతస్తులు తగ్గించమనడం చిన్న మాట కాదు. అందుకే నా ఉద్దేశంలో ప్రతి వీధికీ గీత గీయకూడదు. కొన్నింటినే ఎంచుకుని, వాటి విషయంలో గట్టిగా నిలబడాలి.

మన దగ్గర? కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. అంటే మన చట్టం చుట్టుకొలత చూస్తుంది, చూసేవాడిని చూడదు. 301వ మీటర్ దగ్గర ఆ రక్షణ అయిపోయినట్టే. కానీ హైదరాబాద్‌కి ఈ ఆలోచన కొత్తేం కాదు. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టిలో రోడ్డుకి రెండు వైపులా ఒకే తీరు రాతి కమాన్లతో దుకాణాలు కట్టింది. మదీనా వైపు నుంచి చార్మినార్‌కి నడిచి వెళ్లేటప్పుడు ఈసారి వైర్లూ బోర్డులూ వదిలేసి, ఆ కమాన్ల వరస మీద కన్నుంచండి.