సంతోషము దండుగ పద్దు కాదు



గ్రామములందు సంతోషమును దండుగ పద్దు క్రింద వ్రాయు అలవాటు తరతరములనుండి కలదు. ఎరువులకైనది ఖర్చు, వైద్యునికిచ్చినది ఖర్చు. హరికథకిచ్చిన చందా మాత్రము దుబారా. పొలమునుండి వచ్చినవాడు అరుగుమీద నలుగురితో పకపక నవ్వినచో 'పనిలేదా?' యని యింటిలోనుండి కేక వచ్చును. ఈ లెక్క సరియైనది కాదు.

మన ప్రాచీన వైద్యులు ఇట్టి లెక్క వ్రాయలేదు. సుశ్రుతుడు స్వస్థుడెవడో నిర్ణయించునపుడు దోషములు, జఠరాగ్ని, ధాతువులు, మలక్రియ సమముగా నుండుటతో నిలువక, ఆత్మయు, ఇంద్రియములును, మనస్సును ప్రసన్నముగా నుండవలెననెను. ఒడలు గట్టిదైనను మనస్సు క్రుంగినవానిని ఆయన స్వస్థుల పట్టీలో చేర్చలేదు. చరకుడు మరింత సూటిగా, రోగమును పెంచువానిలో విషాదమును, శరీరమును ఎండించువానిలో శోకమును, తృప్తి కలిగించువానిలో హర్షమును అగ్రస్థానమున నిలిపెను. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళియు రోగము లేనంతమాత్రమున ఆరోగ్యము కాదనియే చెప్పుచున్నది.

అయితే నవ్వినచో రోగములన్నియు పారిపోవునని ప్రచారము చేయువారును కలరు. అది నమ్మదగినది కాదు. బ్రిటనులో సుమారు 7 లక్షలమంది స్త్రీలను పదేండ్లపాటు గమనించి, ఆ ఫలితములను 2015లో 'లాన్సెట్' వైద్యపత్రిక ప్రకటించెను. సంతోషము లేనివారిలో మరణములు ఎక్కువగా కనబడెను. కాని అదివరకే యున్న జబ్బులను, పొగత్రాగుట మొదలగువానిని లెక్కలోనికి తీసికొనగా ఆ తేడా మాసిపోయెను. జబ్బే సంతోషమును హరించుచున్నదన్నమాట. కావున క్షయరోగి మందు మానరాదు. మంచము పట్టినవానితో 'నీ దిగులే నిన్నింత చేసినది' యనుట క్రూరత్వము.

మందు కాకపోయినను సంతోషము ఆహారము వంటిది. అది చాలనివానికి నిద్ర చెడును, అన్నము సహించదు, వేళకు మాత్ర వేసికొనవలెనన్న పట్టుదలయు సడలును. 2011లో ఆక్స్‌ఫర్డు పండితుడు రాబిన్ డన్‌బార్ బృందము చేసిన ప్రయోగములలో, హాస్యచిత్రములు చూచి బిగ్గరగా నవ్వినవారు ఆ పిమ్మట నొప్పిని ఎక్కువగా ఓర్చుకొనిరి. నాట్లు వేయు స్త్రీలకు ఈ సంగతి ఏ ప్రయోగశాలయు నేర్పలేదు. నడుము వంచి బురదలో నిలిచినవారిలో ఒకతె పాట ఎత్తుకొనగా మిగిలినవారు అందుకొందురు. పాట పని ముగిసిన తరువాతి బహుమానము కాదు, పనిలోని భాగమే. దంపుళ్ళపాటలు, తిరగలిపాటలు అట్టివే. మరలు వచ్చి రోలు, తిరగలి మూలబడినవి. చేతులకు శ్రమ తగ్గుట మేలే, కాని నలుగురు స్త్రీలు ఒకచోట చేరు నెపము కూడ పోయినది.

సంతోషమునందు అందరికి సమానవాటా లేదు. భర్త పోయిన స్త్రీని పేరంటమునకు పిలువరు. ఆమె నవ్విన తప్పు, మంచి చీర కట్టిన తప్పు. 1881లోనే వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిరి. పేరంటపు పిలుపు మాత్రము నేటికిని అనేక గృహములలో ఆమె గడప దాటిపోవుచునే యున్నది. ముసలితండ్రికి రక్తపుపోటు మాత్ర వేళ తప్పక ఇచ్చు కుమారులు కలరు, మంచిదే. ఆయనతో పది నిమిషములు మాటలాడినవారెందరు?

గ్రంథాలయమున సాయంకాలము ఎవరైన పుస్తకమును బిగ్గరగా చదువు ఏర్పాటు చేయవచ్చును. చదువురానివారికి ముందువరుసలో చాపలు పరచవలెను. పేరంటపు పిలుపు అందనివారి యిండ్లకు ముందుగా కబురంపవలెను. దంపుళ్ళపాటలు వచ్చిన వృద్ధస్త్రీలు ఈ యూరిలో ఇంకను కొందరు కలరు. వారు వినుటకే గాక పాడుటకును రావలెను.