ఇల్లు ఎవరిది? : దాంపత్య ద్రోహం మీద మన నాటకం, మన సినిమా



పాలమూరు పల్లెల్లో తిరిగి నాటకం నేర్పిన ఒక సారు పేరిట జరుగుతున్న ఉపన్యాసం ఇది. దీన్ని నైజీరియా సినిమాతో మొదలుపెడుతున్నాను. ఎక్కడి నైజీరియా, ఎక్కడి మహబూబ్‌నగర్ అనుకోవద్దు. 2006 సంవత్సరానికి యునెస్కో తీసిన లెక్కలో సినిమాల సంఖ్యలో మన దేశానిది మొదటి స్థానం, 1,091. రెండోది నైజీరియా, 872. అమెరికా 485తో ఆ తర్వాతే. ఆ నైజీరియా సినిమా పరిశ్రమ నిలబడ్డది ఆలుమగల మధ్య జరిగిన ఒక ద్రోహం కథ మీద.

1992లో కెన్నెత్ న్నెబ్యూ అనే వ్యాపారి, క్రిస్ ఓబి రాపు దర్శకత్వంలో, ఇగ్బో భాషలో ‘లివింగ్ ఇన్ బాండేజ్’ తీయించాడు. అది థియేటర్లకు పోలేదు. వీడియో క్యాసెట్ల మీద నేరుగా ఇళ్లకు చేరింది. ఆండీ అనే మనిషికి తోటివాళ్లలా కారు, బంగళా కావాలి. భార్య మెరిట్ అతన్ని నమ్ముకుని ఉంది. డబ్బు రావాలంటే ప్రాణానికి ప్రాణమైన మనిషిని బలి ఇవ్వాలంటుంది ఒక రహస్య సంఘం. ఆండీ మొదట ఒక వేశ్యను వెంటబెట్టుకుపోయి, ఈమే నా భార్య అని నమ్మించబోతాడు. అది పారదు. చివరికి మెరిట్‌నే అప్పజెబుతాడు. డబ్బు వస్తుంది. మెరిట్ ఆత్మ అతన్ని వెంటాడుతుంది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆత్మ కాదు, బలి కాదు. భార్య అక్కడ ఒక ఆస్తి పద్దు. ఆమె స్థానంలో ఇంకో ఆడమనిషిని పెట్టి లెక్క సరిచేయవచ్చునని ఆండీ అనుకున్నాడు. ఒక భార్య పోతే ఇంకో భార్య, ఆమె తర్వాత ప్రియురాలు, ఇవన్నీ ఆ లెక్క మీదనే నడుస్తాయి. కాపురంలో ద్రోహాన్ని మనం పడకగదిలో వెతుకుతాం. నాకు అది ఇంటి పెట్టెలో, పొలం కాగితంలో, రెక్కల కష్టం పంపకంలో కనబడుతుంది. ఇవాళ నేను చెప్పదలచింది ఇదే.

మన రంగస్థలానికి వద్దాం. నటుడు నాగభూషణం గారికి ఒక నాటకం ఇంటిపేరైపోయింది: రక్తకన్నీరు నాగభూషణం. తమిళంలో ఎం.ఆర్. రాధా ఆడిన నాటకం అది, 1954లో సినిమాగా వచ్చింది. విదేశాల్లో చదివొచ్చిన భర్త భార్యను ఈసడించి వేశ్య ఇంట్లో పడి ఉంటాడు, ఆస్తి కరిగిపోతుంది, కుష్ఠు సోకుతుంది, వీధిన పడతాడు. మూలకథలో అతను చివరకు చేసే పని ఒకటుంది. తన భార్యను తన స్నేహితుడికి ఇచ్చి పెళ్లి చేయమంటాడు. ఆ రోజుల్లో అది సాహసమే, ఒప్పుకుంటాను. కానీ నిదానంగా చూడండి. ఆమె బతుకును పాడుచేసింది అతనే, ఆమెకు మళ్లీ పెళ్లి అనే వరాన్నిస్తున్నదీ అతనే. ఆమె ఎక్కడా అడగలేదు. ‘నా పుట్టింటి సొమ్ము ఏమైంది’ అని కూడా అడగలేదు. ‘చింతామణి’ నాటకంలోనూ అంతే. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యా వ్యామోహాన్ని దులపడానికే రాశారు. జనం మాత్రం సుబ్బిశెట్టిని గుర్తుపెట్టుకున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించినప్పుడు జరిగిన గొడవంతా ఆ పాత్ర గురించే. చింతామణి మోజులో పడ్డ బిల్వమంగళుడి భార్య గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇక ‘దాసి’. ఈ విషయం మీద తెలుగులో వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పదనిపించిన సినిమా ఇదే. 1988లో బి. నర్సింగరావు గారు తీశారు. ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. వాటిలో అర్చనకు ఉత్తమ నటి, ఎ.కె. బీర్‌కు ఛాయాగ్రహణం, చిత్రకారుడు తోట వైకుంఠంకు కళాదర్శకత్వం, మన నల్లగొండ బిడ్డ, మిర్యాలగూడ సుదర్శన్‌కు దుస్తుల రూపకల్పన. ఆ తర్వాత ఆయన దాసి సుదర్శన్‌గానే బతికారు.

గడిలో దొరసాని కాపురానికి వస్తూ వెంట ఒక ఆడపిల్లను తెచ్చుకుంటుంది. పెట్టెలు, పట్టెమంచం, ఇత్తడి సామానుతోపాటు ఆమె కూడా. ఆడబాప అన్నారు వీళ్లను. కమలాక్షి అలా వచ్చినదే. నీళ్లు తోడుతుంది, గదులు ఊడుస్తుంది, దొర పిలిస్తే పోతుంది. చుట్టం వస్తే ఆ గదికీ పోతుంది. కడుపు నిలిస్తే తీయించుకోవాలి. సినిమా నిండా మాటలు తక్కువ. కమలాక్షిగా నటించిన అర్చన ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలబడుతుందంటే, చూసేవాడు తల తిప్పుకోలేడు.

ఇక్కడ దొర భార్యకు ద్రోహం చేశాడా? చేశాడు. భార్యకు తెలుసా? తెలుసు. ఆమె తల్లిగారే కట్నంలో ఆ ద్రోహాన్ని కూడా కట్టి పంపారు. దొరసాని అసూయ నిజమే, ఆమె దుఃఖం కూడా నిజమే. కానీ ఆ దుఃఖానికి మూల్యం చెల్లించేది కమలాక్షి గర్భం. మామూలు సినిమా దొరసాని కన్నీళ్లతో ఆగిపోయేది. నర్సింగరావు గారు గది దాటి వంటింటి వెనక్కు వెళ్లారు. మోసపోయిన భార్య కన్నా దిగువన ఇంకొక ఆడది ఉందని, ఆమెకు ఇల్లే లేదని చూపెట్టారు.

గడి దాటి ఇద్దరు భార్యల కాపురాలకు వద్దాం. 1955 దాకా దేశంలో చాలాచోట్ల హిందూ మగవాడికి ఇద్దరు ముగ్గురు భార్యలు చట్టప్రకారమే ఉండవచ్చు. హిందూ వివాహ చట్టం దాన్ని ఆపింది, రెండో పెళ్లి చెల్లదంది. మన సినిమా మాత్రం ఆ తర్వాత నలభై ఏళ్లు ఇద్దరు భార్యల కథను వదల్లేదు. ‘కార్తీకదీపం’ వంటి సినిమాల్లో శోభన్‌బాబు గారికి ఇల్లాలు ఒక పక్క, మరొకరు ఇంకో పక్క. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ త్యాగమూర్తులే, చివరకు ఎవరో ఒకరు చనిపోతారు. మా అమ్మల తరం ఆ సినిమాలు చూసి నిజంగానే ఏడ్చింది, ఆ ఏడుపును నేను చిన్నచూపు చూడను. కాకపోతే ఆ కథల్లో భర్త ఏ కాగితం మీదా సంతకం పెట్టడు, ఎవరికీ బాకీ పడడు. దాసరి నారాయణరావు గారి ‘స్వర్గం నరకం’, బాలచందర్ గారి ‘గుప్పెడు మనసు’ ఆ కన్నీళ్ల కథను కాస్త కదిపాయి.

చట్టం సంగతి మరీ విచిత్రం. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ ప్రకారం పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి మీద ఆమె భర్త కేసు పెట్టవచ్చు. భర్త ఒప్పుకుంటే నేరమే లేదు. తన భర్త ఇంకొకామెతో ఉంటే భార్యకు ఆ సెక్షన్ కింద కేసు లేదు. అంటే అది దొంగతనం కేసు. సొమ్ము భార్య, యజమాని భర్త. సుప్రీంకోర్టు దాన్ని 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. పరస్త్రీ, పరపురుష సంబంధం విడాకులకు కారణంగా మాత్రం ఇప్పటికీ ఉంది. కానీ విడిపోయినప్పుడు భర్త పేరున ఉన్న ఇంటిలో, పొలంలో భార్యకు వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో లేదు. మనోవర్తి ఉంది. నేర ప్రక్రియ స్మృతి 125వ సెక్షన్ కింద ఆ మనోవర్తి నెలకు 500 రూపాయలు దాటకూడదన్న పరిమితి 2001 దాకా నడిచింది.

మన పాలమూరులో ఆ అయిదు వందల కోసం కూడా కోర్టుకు పోయినవాళ్లు తక్కువ. ఇక్కడ తగువు తేలేది పెద్దమనుషుల పంచాయితీలో. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబైకో పుణెకో కూలికి పోయినవాడు అక్కడ ఇంకో ఆమెతో ఉంటున్నాడని తెలుస్తుంది. ఊళ్లో భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. పంచాయితీలో ఆమె ఏడుస్తుంది, తిడుతుంది, ఆ తర్వాత కొంగు బిగించి అడిగేవి వేరే ఉంటాయి. అడ్వాన్సు అప్పు ఎవరి మీద? రేషన్ కార్డులో పేరెవరిది? నేను కూలికి పోయి కట్టిన గోడకు లెక్కేంది? అత్తను ఎవరు సాకాలె? పెద్దమనుషులు ఆమె ఏడుపుకు, తిట్లకు తలలూపుతారు, ఈ ప్రశ్నల దగ్గర నేల చూస్తారు.

ఇంకొకటి. మన కష్టజీవుల కులాల్లో ఇడుపు కాయిదం ఉంది, మారుమనువు ఉంది. ఆచారం ప్రకారం తీసుకున్న విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కూడా గుర్తించింది. ఈ నేల మీద మోసపోయిన ఆడమనిషి లేచి నడిచిపోయే దారి ఎప్పటినుంచో ఉంది. అయినా తెర మీద మనకు ఎప్పుడూ కనబడ్డది పసుపుతాడు కళ్లకద్దుకుని ఎదురుచూసే ఇల్లాలే. ఆమె మన ఇళ్లలోని మనిషి కాదు.

కొన్నేళ్ల కింద మన ఉమ్మడి జిల్లాలో భర్తను చంపిందని ఒక భార్య మీద కేసు వస్తే టీవీలు రోజుల తరబడి అదే చూపించాయి, ఏ సినిమా చూసి నేర్చుకున్నారో చర్చలు పెట్టాయి. చేసింది ఘోరం, సందేహం లేదు. అదే వారంలో ఎన్ని ఇళ్లల్లో మగవాళ్లు రెండో కాపురం పెట్టి చెప్పాపెట్టకుండా పోయారో ఏ చానెలూ అడగలేదు.

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లు ఇంటి ఆడమనిషి పేరున మంజూరవుతున్నాయి. ఈ జిల్లాలో నాటకం రాసే పిల్లలను నేను అడిగేది ఒక్కటే. పుణె నుంచి ఇంకొకామెను వెంటబెట్టుకుని వచ్చిన భర్త గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇంటి కాగితం లోపలున్న ఆమె పేరున ఉంది. అత్త ఆమెతోనే ఉంటున్నది. ఈ సన్నివేశం నుంచి మొదలుపెట్టి రాయండి. గుమ్మం బయట నిలబడ్డ ఆ రెండో ఆమెకు కూడా కడుపు, ఆకలి ఉన్నాయని మరవకుండా రాయండి. రాసినది వచ్చే ఏడు ఈ వేదిక మీదనే ఆడుదాం.