పిల్లి మెదడులోని కంతికి శస్త్రచికిత్స



పిల్లికి మెదడులో కంతి పుట్టుననియు, పుర్రె తెరచి దానిని తీసివేయుదురనియు చెప్పినచో మీలో కొందరు నవ్వవచ్చును. మనుష్యునికే దొరకని వైద్యము పిల్లికా యని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి తరువాత వచ్చెదను. ముందు వ్యాధి యెట్టిదో విన్నవించెదను.

పదియేండ్లు దాటిన పిల్లి క్రమముగా మందగించును. ఎలుక యెదుటనే పోయినను కదలదు. ఒకే ప్రక్కకు గుండ్రముగా తిరుగును, చూపు తగ్గును, ఒక్కొక్కప్పుడు మూర్ఛ వచ్చును. ముసలితనమని మనము ఊరకుందుము. తరచుగా అది ముసలితనమే. కొన్నియెడల మాత్రము మెదడును కప్పియుండు పొరలనుండి పుట్టిన కంతి. దీనిని మెనింజియోమా యందురు. అమెరికా శస్త్రవైద్యుడగు హార్వే కుషింగ్ 1922లో మనుష్యుల వ్యాధికి పెట్టిన పేరిది. పిల్లుల మెదడులో పుట్టు కంతులలో సగమునకు పైగా ఈ జాతివే.

ఇచ్చట ఒక మాట. పిల్లి గుణము అకస్మాత్తుగా మారి, మీదపడి కరచినచో, కంతి సంగతి పిమ్మట. ముందు పిచ్చికుక్కవ్యాధిని అనుమానింపుడు. గాటును సబ్బుతో, ధారగా నీటితో, పావుగంటసేపు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకొనుడు.

ఈ కంతి సాధారణముగా మెదడులోనికి వేళ్లు తన్నదు; బయటనుండి నొక్కును. 1971లో లండను నగరమున మొదటిసారి రోగి తలను చూచిన సి.టి. యంత్రము, తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ. యంత్రము దాని చోటును కనుపరచును. వైద్యుడు మందులతో వాపు తగ్గించి, మత్తు నిచ్చి, పిల్లి మెడనరములు నొక్కుకొనకుండ పరుండబెట్టును. అవి నొక్కుకొనినచో పుర్రెలోని ఒత్తిడి హెచ్చును. పిమ్మట పుర్రెయెముకను చిన్న మరతో తొలిచి, పొర కోసి, కంతిని విడదీయును. కుక్కలలో ఇది మెత్తనై చుట్టును అల్లుకొనుట కలదు. పిల్లులలో గట్టిగానుండి, పనసతొననుండి గింజ వచ్చినట్లు వచ్చును. ఈ చికిత్స పిల్లులకు బాగుగా పట్టుటకు ఇదియే ముఖ్యకారణము.

అపాయము లేదని చెప్పజాలను. 1994లో ప్రకటింపబడిన 42 పిల్లుల లెక్కలో అయిదింట నొకటి వంతు శస్త్రము జరిగిన కొలదికాలములోనే చనిపోయినవి. సుమారు సగము రెండేండ్లు జీవించినవి. పిల్లికి రెండేండ్లు చిన్న కాలము కాదు.

ఇక మీ ప్రశ్న. తిండిగింజలమ్మి పిల్లికి ఈ చికిత్స చేయింపుడని నేననను. శస్త్రము వలదనుకొన్నవారు వాపు తగ్గించు మందుతో దానిని కొంతకాలము సుఖముగా నుంచవచ్చును, అదియు దయయే. చేయించినవారు మాత్రము మూర్ఛమందును వైద్యుడు చెప్పినదాక మానరాదు. తీసిన కంతి మరల పుట్టుటయు కలదు. అట్టి పిల్లులకు రెండవమారు శస్త్రము చేసిన సందర్భములును కలవు.