అటక మీది ఆట ఇటుకలు



ఇవాళ ఒక పాత పెట్టె సంగతి చెబుతాను. అలాంటి పెట్టె మీ ఇంట్లోనూ వుండే వుంటుంది. ఒకదానిలో ఒకటి బిగించి పిల్లలు ఇళ్లూ బళ్లూ కట్టుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు! పిల్లలు పెద్దవాళ్లయి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిపోతారు. ఇటుకలు మాత్రం అటకెక్కి కూర్చుంటాయి.

మాది కర్నూలు. పోయిన సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మా పెట్టె కిందికి దించాను. సరిగ్గా అప్పుడే పాత సామాన్లు కొనే అతను వీధిలోకి వచ్చాడు. తూచి చూసి, "మూడు కిలోలుందమ్మా. ప్లాస్టిక్కే గదా, కిలో 12 రూపాయలు" అన్నాడు. అటకైనా ఖాళీ అవుతుందని సరేనని 36 రూపాయలు పుచ్చుకున్నాను. ఇంతలో బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోను. మాటల్లో ఈ సంగతి చెబితే ఒక్క క్షణం పలకలేదు. తర్వాత "అమ్మా, ఇచ్చేసినావా?" అన్నాడు. ఆ గొంతు విని, గుమ్మం దాటబోతున్న అతన్ని పిలిచి, డబ్బులు తిరిగి ఇచ్చి, పెట్టె వెనక్కి తీసుకున్నాను.

ఎందుకంటారా? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది గదా. పిల్లల్ని తీసుకుని ఎదురింటి మిద్దె ఎక్కాం. నీళ్లు తీశాక వచ్చి చూస్తే ఇంటి నిండా బురద. పరుపులు, పుస్తకాలు, పెళ్లి ఫోటోలు అన్నీ పోయాయి. మా మరిది అమెరికా నుంచి తెచ్చిన ఈ ఇటుకలు మాత్రం బురదలో చెక్కుచెదరకుండా దొరికాయి. అప్పటికి మావాడికి ఎనిమిదేళ్లు. బడి లేదు, ఆడుకోవడానికి ఇంకేమీ లేదు. రోజూ కూర్చుని ఒక్కొక్కటే కడిగాడు. నేను ఇల్లు కడుక్కుంటూ వుంటే, వాడు మూలన కూర్చుని ఇల్లు కట్టుకుంటూ వుండేవాడు.

కనుక నా మొదటి మాట ఇది. పిల్లల వస్తువు తీసేసే ముందు వాళ్లనొక మాట అడగండి, ఎంత పెద్దవాళ్లయినా సరే. మావాడు వద్దనలేదు. "నా ఫైరింజను వుంచు. మిగిలినవి ఇంకో పిల్లలు ఆడుకునేటట్టు ఇయ్యి. తూకానికి మాత్రం వెయ్యొద్దు" అన్నాడు.

వాడి మాటలో న్యాయం వుంది. లెగో కంపెనీని 1932లో డెన్మార్కులో బిల్లండ్ అనే వూళ్లో ఒక వడ్రంగి మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అనే అర్థం వచ్చే రెండు డేనిష్ మాటలు కలిపితే ఆ పేరయింది. ఇప్పుడు మనం చూసే ఇటుకకు 1958లో పేటెంటు తీసుకున్నారు. అప్పటి ఇటుక ఇవాళ కొన్న ఇటుకలో చక్కగా బిగుస్తుంది. అంటే ఇది పాతబడే వస్తువు కాదు. కలగాపులగంగా వుంటే చెత్త, ఏరి పెడితే మళ్లీ బొమ్మ.

ఏరడం మనకేమన్నా కొత్తా? బియ్యంలో రాళ్లు ఏరిన చేతులే గదా! ముందు నేల మీద తెల్లటి దుప్పటి పరవండి. మన ఇళ్లలో నల్లటి కడప బండల మీద నల్ల ముక్క పడితే మళ్లీ కనబడదు. నేను మొదట రంగుల వారీగా ఏరాను. చూపుకు బాగుంది గానీ, ఎర్ర కుప్పలో చిన్న ఎర్ర ముక్క వెతకాలంటే కళ్లు నొప్పి పుట్టాయి. అప్పుడు ఆకారాన్ని బట్టి ఏరాను. చక్రాలు ఒక డబ్బాలో, తలుపులు కిటికీలు ఒకదానిలో, పలకలు ఒకదానిలో, మనిషి బొమ్మలు పోపులపెట్టెలో. ఒకే ఆకారం కుప్పలో కావలసిన రంగు ఇట్టే కంటికి తగులుతుంది.

అసలువీ నకిలీవీ కలపవద్దు. అసలు ఇటుక మీద బుడిపె బుడిపెకూ సన్నని అక్షరాల్లో కంపెనీ పేరు వుంటుంది. నకిలీవి చాలావరకు పట్టు తక్కువ. వాటిని విడిగా, అలాగని చెప్పే ఇవ్వండి.

ఇక కడగడం. గోరువెచ్చటి నీళ్లు చాలు. మరిగే నీళ్లు పోస్తే వంకర పోతాయి. చిన్న ముక్కలను పాత దోమతెర గుడ్డలో మూటగట్టి సబ్బు నీళ్లలో ముంచి, మెత్తటి బ్రష్షుతో రుద్దండి. మన సీమలో నీళ్ల విలువ మనకు తెలుసు. ఒక్క బకెట్టుతో కడిగి, సబ్బు నీళ్లు బాత్‌రూముకు వాడండి. జాడించిన నీళ్లు మొక్కలకు పోయండి. ఆరబెట్టడం నీడలోనే. మన ఎండకు తెల్లవి పసుపు పచ్చగా మారతాయి. అతుక్కుపోయిన రెండు ఇటుకలు వూడదీస్తే, లోపల నుంచి ఎండిన ఒండ్రు రాలింది. ఆ ఏడు మావాడి చేతికి అందనిది! కాసేపు చెయ్యి ఆడలేదు నాకు.

అమ్మకంలో నేను చేసిన తప్పు కూడా చెబుతాను. కడపలో మా చెల్లెలి పక్కింటావిడకు పోలీసు స్టేషన్ సెట్టు 900 రూపాయలకు ఇచ్చాను. లెక్క చూసుకోకుండానే "మొత్తం వుంది" అన్నాను. రెండో రోజు ఫోను. "అక్కా, జీపుకు ఒక చక్రం లేదు, స్టేషనుకు తలుపు లేదు. పిల్లోడు పొద్దున్నుంచి ఏడుస్తాండాడు." సిగ్గుతో చచ్చిపోయాను. ఏరి పెట్టిన పుణ్యాన చక్రం రెండు నిమిషాల్లో దొరికింది. ఆర్టీసీ పార్సిలులో పంపాను. తలుపు ఎంత వెతికినా దొరకలేదు. 200 రూపాయలు తిరిగి పంపేశాను.

అప్పటినుంచి ప్రతి సెట్టూ ఒకసారి పూర్తిగా కట్టి చూస్తున్నాను. ఎలా కట్టాలో చూపే పుస్తకం పోయినా ఫరవాలేదు. సెట్టు నంబరు తెలిస్తే కంపెనీ వెబ్‌సైటులో వూరికే దొరుకుతుంది. చాలా పుస్తకాల చివర ముక్కల పట్టిక కూడా వుంటుంది. లేని ముక్కల పేర్లు చీటీ రాసి సంచిలో పెడుతున్నాను. సెట్టుకు చెందని మామూలు ఇటుకలను తూకానికే ఇవ్వవచ్చు, అయితే కొనుక్కునేది ఇంకో తల్లి కావాలి. ఇంకొక్క మాట. మూడేళ్ల లోపు బిడ్డలున్న ఇంటికి చిన్న ముక్కలు ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

అన్నీ అమ్మితే చేతికి వచ్చింది 2,600 రూపాయలు. గొప్ప సంపాదనేం కాదు. కానీ కడప పిల్లవాడు ఇటుకలతో తనే తలుపు కట్టుకుని, ఫోటో తీయించి పంపాడు. మావాడి ఫైరింజను మా గూట్లో వుంది.

ఈ ఆదివారం మీరూ అటక మీద చూడండి. పెట్టె దించే ముందు పిల్లలకొక ఫోను చెయ్యండి.