ఖాళీగా వదిలే హక్కు

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ గురించి మహిళా సంఘాల సమావేశంలో మాట్లాడడానికి ఏముంటుందని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఏడాది క్రితం అడిగితే నేనూ అదే మాట అనేదాన్ని.

నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో డాక్యుమెంటేషన్ రాస్తాను. అంటే ప్రోగ్రాం ఏం చేస్తుందో, దాన్ని ఎలా వాడాలో వివరించి రాయడం నా ఉద్యోగం. చాలా ఏళ్లు నా రాతలు చదివింది మనుషులే. అర్థం కాకపోతే ఫోను చేసి అడిగేవారు. ఇప్పుడు చదివేవాటిలో ఏఐ ఏజెంట్లు కూడా ఉన్నాయి. ఇవి ఫోనులోనో వాట్సాప్‌లోనో మనతో మాట్లాడి, మనం చెప్పినదాన్ని బట్టి ఆఫీసు పని తామే చేసేస్తాయి.

అయితే ఏజెంటు దానంతట అది డేటాబేస్‌లో ఏమీ రాయలేదు. అందుకు దానికి 'టూల్' అనే పనిముట్టు ఇవ్వాలి. ప్రతి టూలుకీ ఒక పేరు, అదేం చేస్తుందనే వివరణ, నింపాల్సిన కాలమ్‌ల జాబితా, వాటిలో ఏవి తప్పనిసరి అనే సూచన ఉంటాయి. ఆ టూలు గురించి ఏజెంటుకు తెలిసేది ఆ కాస్త రాత మాత్రమే. ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసిన గుమాస్తాకు ఉండే లోకజ్ఞానం దానికి ఉందనుకోకూడదు.

స్త్రీలకు చిన్న అప్పులిచ్చే ఒక కంపెనీ కోసం నేను ఇలాంటి టూలు ఒకదానికి వివరణ రాశాను. "కొత్త ఖాతాదారు రికార్డు సృష్టిస్తుంది" అని ఒకే వాక్యం. కాలమ్‌లు అయిదు: పేరు, ఫోను, చిరునామా, భర్త లేక తండ్రి పేరు, మరో ఫోను నంబరు. అన్నీ తప్పనిసరి. కంపెనీ దరఖాస్తు ఫారంలో ఎలా ఉందో అలాగే దించాను. ఏ కాలమ్ ఎందుకని నేను అడగలేదు.

కొన్ని నెలలకు ఒక ఫిర్యాదు నా దగ్గరికి వచ్చింది. భర్త కొడుతున్నాడని మూడేళ్ల క్రితం ఊరు విడిచి వచ్చిన స్త్రీ ఆమె. కుట్టుమిషను కోసం అప్పు అడిగింది. భర్త పేరు చెప్పనంది. ఏజెంటుకు కాలమ్ ఖాళీగా వదిలే వీలు లేదు. వెతికితే పాత రికార్డు ఒకటి దొరికింది. అందులోని భర్త పేరు, అతని ఫోను నంబరు తెచ్చి కొత్త రికార్డులో నింపేసింది. వాయిదా గుర్తుచేసే ఫోను అతనికి వెళ్లింది. వారం తిరక్కుండా అతను ఆమె ఇంటి ముందు నిలబడ్డాడు.

"అతని నంబరు నేనివ్వలేదమ్మా, మీకెలా వచ్చింది?" అని ఆమె అడిగింది. యంత్రం చెడిపోయిందని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ యంత్రం చెడిపోలేదు. 'తప్పనిసరి' అని రాసింది నేను. తెలియనప్పుడు ఏం చేయాలో రాయనిది కూడా నేనే.

తర్వాత ఆ వివరణ తిరగరాశాను. ఇప్పుడు అందులో ఏముందో చెబుతాను. రికార్డు సృష్టించే ముందు అదే వ్యక్తి పేరున మరొకటి ఉందేమో వెతకాలి. ఉంటే ఆమెకు చెప్పాలి, ఆమె ఒప్పుకోకుండా అందులోంచి ఏదీ తీసుకోకూడదు. ఆమె చెప్పని వివరాన్ని ఊహించకూడదు. భర్త పేరు, మరో నంబరు ఐచ్ఛికం, 'చెప్పడం ఇష్టం లేదు' అన్నది కూడా సరైన జవాబే. రాసినదంతా ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే భద్రపరచాలి. జవాబు ఆలస్యమైతే కొత్త అభ్యర్థన పంపకూడదు, పాత అభ్యర్థన సంఖ్యతోనే మళ్లీ పంపాలి. లేకపోతే ఒకే స్త్రీకి రెండు రికార్డులు తయారవుతాయి. లేని రెండో అప్పుకు ఆమె సంఘంలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. తప్పు వచ్చినప్పుడు ఏదో అంకె చూపించి ఊరుకోకుండా, "ఫోను నంబరులో 10 అంకెలు లేవు, ఆమెను మళ్లీ అడగండి" అని టూలు స్పష్టంగా చెప్పాలి.

రాత ఒక్కటే చాలదు. ఏజెంటు సూచనను ఒక్కోసారి పాటించకపోవచ్చు. అందుకే ఆమె అంగీకారం నమోదు కానిదే రికార్డును అంగీకరించని ఏర్పాటు ప్రోగ్రాంలోనే ఉండాలి. దానికోసం ప్రోగ్రామర్లతో, కంపెనీ వాళ్లతో నెల రోజులు వాదించాను.

ఫారంలోని కాలమ్‌తో మన పోరాటం కొత్తదేమీ కాదు. మైనరు కొడుకు పేరున బాండ్లు కొనడానికి సంరక్షకురాలిగా తల్లి సంతకం చాలదని రిజర్వు బ్యాంకు అన్నప్పుడు రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. తండ్రి బతికి ఉండగానే తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో తీర్పు వచ్చింది. పాన్ కార్డు దరఖాస్తులో, ఒంటరి తల్లి పెంచిన బిడ్డలకు తండ్రి పేరు తప్పనిసరి కాదన్నది 2018 డిసెంబరులో అమలుకు వచ్చింది. ఒక్క కాలమ్ మారడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ కాలమ్‌లే ఇప్పుడు ఎవరి కంటా పడకుండా టూళ్ల వివరణల్లోకి తిరిగి వస్తున్నాయి. ఫారం అయితే కనీసం మన చేతికి వచ్చేది, చదివి ప్రశ్నించేవాళ్లం. దీన్ని మనకెవరూ చూపించరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అంగీకారం స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. తప్పును దిద్దించుకునే హక్కు, తుడిపించుకునే హక్కు ఆ చట్టంలో ఉన్నాయి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు అయ్యేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు.

మీ సంస్థ సహాయ కేంద్రానికో, పొదుపు సంఘానికో ఎవరైనా ఏఐ ఏజెంటును అమ్మజూపితే నాలుగు ప్రశ్నలు అడగండి. రికార్డు రాసే టూలు వివరణ మాకు చూపిస్తారా? ఏ కాలమ్‌లు తప్పనిసరి, ఎందుకు? ఆమె జవాబు చెప్పకపోతే ఏజెంటు ఏం చేస్తుంది? తప్పు రాస్తే ఎవరు, ఎన్ని రోజుల్లో దిద్దుతారు? వివరణ మామూలు మాటల్లోనే ఉంటుంది. చదవడానికి ఇంజనీరు కానక్కర్లేదు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి.

ఆ స్త్రీ ఇప్పుడు మరో ఊళ్లో ఉంది. ఇల్లు మారడానికి ఆమెకైన ఖర్చు ఎవరూ ఇవ్వలేదు. ఆమె రికార్డులో ఆ రెండు కాలమ్‌లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. మీ ముందుకు వచ్చే ప్రతి ఫారంలో, ప్రతి టూలులో ఆ ఖాళీ ఉండేలా చూడండి.